పావు లీటరు అరుణిమ విజయము

ఏడు గుర్రాల రథమెక్కి లోకాలన్నిటినీ నిరాటంకంగా చుట్టి వచ్చే సూర్యభగవానుడు సైతం గచ్చిబౌలి ఫ్లైఓవరు మొదట్లో పగ్గాలు బిగించి ముందున్న కార్లు కదిలేదాకా ఓపిక పట్టే పుణ్యకాలంలో, ఆషాఢ మేఘాలు గాజు మేడల అద్దాల్లో తమ ముఖాలు తామే చూసుకుని మురిసి ఆపైన దుర్గం చెరువు మీద కురిసే ఋతువులో, దక్షిణాపథ శిరోభూషణమూ, అహర్నిశ కీబోర్డు ఘోష సంకులమూ, అర్ధ యోజన దూరానికి గంటన్నర ప్రయాణమూ గల సైబరాబాదు మహానగరంలో, కొండాపూర్ అనే ఖండంలో, కింద టిఫిన్ సెంటరూ పైన ఆడపిల్లల హాస్టలూ ఉన్న ఒకానొక భవనపు రెండవ అంతస్తులో జరిగిన మహాసంగ్రామాన్ని చెప్పబోతున్నాను. రాజ్యాల కోసం, రత్నాల కోసం జరిగిన యుద్ధాలను చెప్పినవాళ్ళు కావలసినంతమంది ఉన్నారు. ఒక సీసాలోని పావు లీటరు ద్రవం సాయంత్రం ఎర్రగా ఉండి, మర్నాడు పొద్దున కూడా ఎర్రగానే ఉండటం కోసం జరిగిన యుద్ధాన్ని చెప్పడానికి ఎవరూ ముందుకు రాలేదు కాబట్టి ఆ భారం నా మీద పడింది.

ఆ అంతస్తులో అరుణరేఖ అనే చిన్న సంస్థ ఉంది. డెంగీ జ్వరం ఉన్నదీ లేనిదీ చెప్పే పరీక్ష పట్టీలు అక్కడ తయారవుతాయి. పట్టీ మీద ఒక రక్తపు బొట్టు వేస్తే, జ్వరం సోకిన వాడికి ఒక ఎర్రగీత తేలుతుంది. ఆ ఎరుపు అద్దకపు రంగు కాదు, బంగారం. నగల దుకాణంలో పసుపుపచ్చగా మెరిసి మనుషుల మతులు పోగొట్టే ఆ బంగారాన్నే వెంట్రుక మందంలో నాలుగు వేలవ వంతు రేణువులుగా చేసి నీళ్ళలో నిలిపితే, అది పసుపు వదిలి మాణిక్యపు ఎరుపు ధరిస్తుంది. ఈ సంగతి తెలియక జనం ఇప్పటికీ దాన్ని గొలుసులు చేయించుకుంటున్నారు.

ఆ ఎరుపుకు అధిదేవత, ఆ రేణుసేనకు సేనాని, జనగామ ప్రాంత సంజాత, రసాయనశాస్త్ర పారంగత, త్రివర్ష స్వర్ణరేణు పోషణ పరాయణ, అబద్ధమాడవలసి వస్తే చెవులు కందిపోయే సుకుమార స్వభావ అయిన శ్రీలత. పెద్ద కంపెనీలో పెద్ద జీతం వదులుకుని వచ్చి, కిటికీ పక్క ఉన్న ఒకే ఒక బల్ల మీద ఆ రంగును ఆమె సాధించింది. ఆమెకు కుడిభుజం, కొండాపూర్ ఊరుగా ఉన్నప్పుడే అక్కడ పుట్టి, ఇరవయ్యేళ్ళుగా ప్రయోగశాలల్లో ద్రావణాలు కలుపుతూ వచ్చిన సీనియర్ టెక్నీషియన్ సీతాబాయి. శ్రీలత అన్నం తినకపోతే డబ్బా మూత తీసి ముందు పెట్టేది సీతాబాయి. శ్రీలత కళ్ళు తుడుచుకోవడానికి బాత్రూములోకి వెళ్తే బయట తలుపు దగ్గర నిలబడి ఎవరినీ రానివ్వనిదీ సీతాబాయే.

ఆ కళ్ళు తుడుచుకోవలసిన అవసరం పోయిన వారం రెండుసార్లు వచ్చింది. రెండుసార్లూ సాయంత్రం దివ్యంగా ఎర్రగా ఉన్న సీసా, పొద్దున వచ్చి చూస్తే నేరేడు పండు నీలంతో నిండి ఉంది. నీలి బంగారం పట్టీకి పనికిరాదు. గీత కనబడదు. గీత కనబడకపోతే జ్వరమున్న మనిషికి జ్వరం లేదని చెప్పినట్టవుతుంది.

సోమవారం నాడు అరుణరేఖాధీశ్వరుడు, చక్రాల కుర్చీ సింహాసనాసీనుడు, చల్లని కాఫీ పానపాత్ర హస్తుడు అయిన మధుకర్ తన మందిరానికి శ్రీలతను పిలిపించి, దిగ్గజాలు చెవులు నిక్కించేటంత గంభీరంగా ఇలా ఆజ్ఞాపించాడు.

"శ్రీలత గారు, నేను మిమ్మల్ని బ్లేమ్ చెయ్యట్లేదండి. కానీ రెండు బ్యాచ్‌లు వరసగా బ్లూ అయిపోయాయి. శుక్రవారం పదకొండింటికి వెంకటనారాయణ గారు వస్తున్నారు, మన పట్టీలు కొనే వాళ్ళ తరఫున చెకింగ్‌కి. ఆయన చూసే టైమ్‌కి ముందురోజు చేసిన బ్యాచ్ రెడ్‌గా ఉండాలి. లేకపోతే ఈ బెంచ్ క్లోజ్ చేసేసి, గోల్డ్ బయట నుంచి రెడీమేడ్ తెప్పించుకుందాం."

"మరి నేను సార్."

"మీకేం ప్రాబ్లెమ్ లేదండి. సేల్స్‌లోకి తీసుకుంటాను."

"సేల్స్ నాకు రాదు సార్."

"వచ్చేస్తుందండి."

శ్రీలత బయటికి వచ్చి తన బల్ల ముందు నిలబడింది. ఆమెకు జీతం దిగులు లేదు. ఆ ఎరుపంటే ఆమెకు ప్రాణం. అది తన చేతిలో నుంచి పోయి, ఎవరో ఎక్కడో చేసి డబ్బాలో పంపితే దాన్ని తాను ఊరూరా తిరిగి అమ్మాలన్న తలపే ఆమెకు మింగుడు పడలేదు.

శత్రు మిత్ర బలాబలాలు తెలియకుండా యుద్ధం వినడం వృథా కాబట్టి కథను ఒక్క క్షణం ఆపుతాను. బంగారు రేణువు లోపల ఎలక్ట్రాన్లు ఒకచోట కట్టేసినట్టు ఉండవు. సాయంత్రం రాయదుర్గంలో ఎక్కిన మెట్రో బోగీలో జనం ఎట్లా భుజం భుజం ఆనించి నిలబడి, బండి కుదిపితే అందరూ ఒకేసారి ఒక పక్కకు ఒరిగి మళ్ళీ ఒకేసారి వెనక్కి వస్తారో, అట్లా అవి మూకుమ్మడిగా ఊగుతాయి. ఆ ఊపుకు ఒక లయ ఉంది. పైనుంచి దండెత్తి వచ్చే వెలుతురు కూడా అలల సేనే. అందులో ఒక్కో రంగుది ఒక్కో తాళం. ఎరుపుది నిదానం, నీలానిది తొందర. రేణువుల ఊపుతో సరిగ్గా కలిసేది ఆకుపచ్చ తాళం. అది తగలగానే ఎలక్ట్రాన్లన్నీ పూనకం వచ్చినట్టు ఊగి దాన్ని మింగేస్తాయి. ఆ మూకుమ్మడి ఊపుకు శాస్త్రజ్ఞులు ప్లాస్మాన్ అని పేరు పెట్టారు. ఆకుపచ్చ లోపలే హరించుకుపోగా, తప్పించుకుని మన కంటిదాకా వచ్చిన వెలుతురు ఎర్రగా ఉంటుంది.

ఈ వైభవమంతా రేణువులు ఎడంగా ఉన్నంతసేపే. ప్రతి రేణువూ విద్యుదావేశమనే కవచం తొడుక్కుని పక్కదాన్ని దూరంగా నెడుతూ ఉంటుంది. కవచం సడలితే అవి గుంపులుగా అతుక్కుంటాయి, ఊపు నిదానిస్తుంది, మింగే రంగు ఆకుపచ్చ నుంచి ఎరుపు వైపు జరుగుతుంది, సీసాలో నీలం మిగులుతుంది. ఆ కవచాన్ని క్షణంలో సడలించే పరమ శత్రువు ఉప్పు. చిటికెడు చాలు.

ఇది శ్రీలతకు తెలియనిది కాదు. అందుకే ఆమె మొదట నీళ్ళను అనుమానించింది. కొండాపూర్ బోరు నీళ్ళ సంగతి తెలిసిన వారెవరైనా వాటినే అనుమానిస్తారు. ఫిల్టర్లు రెండుసార్లు మార్పించింది. నీళ్ళు నిర్దోషి అని తేలింది. సీసాలను అనుమానించి ఘోరమైన ఆమ్లాలతో కడిగించింది. ఫ్రిజ్‌ను అనుమానించింది, ఏసీని అనుమానించింది, పై అంతస్తు హాస్టల్లో ఆడపిల్లలు బకెట్లు పెట్టే చప్పుడును కూడా ఒక పూట అనుమానించింది. ఒక్క విషయం మాత్రం ఆమెకు కొరుకుడు పడలేదు. నెల కిందట చేసి, రంగు అంత బాగా రాలేదని మూలకు నెట్టిన ఒక సీసా ఉంది. దాన్ని ఎవరూ పట్టించుకోలేదు, ఎవరూ కన్నెత్తి చూడలేదు. అది మాత్రం ఈనాటికీ ఎర్రగానే ఉంది. చెడ్డది బతుకుతోంది, మంచిది చస్తోంది.

బుధవారం ప్రాతఃకాలాన శ్రీలత మళ్ళీ రణరంగంలోకి దిగింది. శ్వేత అంగరఖా కవచధారిణియై, కళ్ళద్దాల శిరస్త్రాణం సవరించి, చేతి తొడుగులు మణికట్టు దాకా లాగి, పావు లీటరు నీళ్ళను వెడల్పు మూతి గాజు పాత్రలో పోసి మంటలేని పొయ్యి మీద పెట్టింది. లోపల అయస్కాంత దండం గిర్రున తిరిగి సుడి లేపింది. బంగారం కరిగిన ద్రావణం పడగానే నీళ్ళు లేత పసుపుకు తిరిగాయి. అవి కుతకుత ఉడికే ఘడియలో ఆమె బంగారాన్ని రేణువులుగా మార్చే సిట్రేటు ద్రావణమనే దివ్యాస్త్రాన్ని సంధించి ఒక్క విసురున ప్రయోగించింది. పసుపు మాయమైంది. ఒక నిమిషం పాటు పాత్రలో ఏ రంగూ లేదు. తరువాత లోతుల్లో నుంచి ప్రళయ మేఘంలా నలుపు లేచింది. చూసేవాళ్ళు ఇక అంతా పోయిందనుకునే వేళ ఆ నలుపు ఊదాగా, ఊదా వంగపండుగా, వంగపండు దానిమ్మగా మారి, చివరికి నిఖార్సైన ఎరుపు వచ్చి నిలిచింది.

మధుకర్ చూసి "అబ్బ, ఏం కలర్ అండి" అన్నాడు. ప్యాకింగు చేసే అమ్మాయిలు వచ్చి సెల్‌ఫోన్లలో ఫోటోలు తీసుకున్నారు. లిఫ్టు బాగు చేయడానికి వచ్చిన మనిషి కూడా లోపలికి తొంగిచూసి, ఇది జ్యూసా అని అడిగి, కాదంటే నిరాశపడి వెళ్ళిపోయాడు. సీతాబాయి మాత్రం ఒక మూల నిలబడి ఈ మెచ్చుకోళ్ళన్నీ వింటూ పెదవి కొరుక్కుంది.

సాయంత్రం అందరూ బయల్దేరాక శ్రీలత పాత్ర ముందు నిలబడి, చేతులు కట్టుకుని, మనసులోనే ఇట్లు పలికెను. "ఓ సువర్ణ రేణువులారా, మిమ్ము గొలుసుగా చేయలేదు, గాజులుగా చేయలేదు, తాకట్టు దుకాణపు చీకటిలో పెట్టలేదు. ఎక్కడో జ్వరముతో మూలుగుచున్న మనిషికి నిజము చెప్పు పని మీకిచ్చితిని. ఈ ఒక్క రాత్రి ఎడము పాటించుడు. ఒకరినొకరు కౌగిలించుకొనకుడు." రేణువులు ఏమీ అనలేదు. ఆమె మూత పెట్టి, తాళం వేసే పని సీతాబాయికి వదిలి, బ్యాగు తీసుకుని కిందికి దిగింది.

కింద వాన దంచి కొడుతోంది. రెయిన్‌కోటు పైనే మరిచిపోయినట్టు అప్పుడు గుర్తొచ్చింది. లిఫ్టు అప్పుడే బాగైంది కాబట్టి దాన్ని నమ్మలేక మెట్లెక్కి వచ్చింది. ప్రయోగశాల తలుపు తీసేసరికి ఆమె కాళ్ళు గడప దగ్గరే ఆగిపోయాయి.

పాత్ర మూత తీసి పక్కన పెట్టి ఉంది. దాని ముందు సీతాబాయి నిలబడి, కుడిచేతి పిడికిలిని పాత్ర మూతి చుట్టూ తిప్పుతోంది. పిడికిట్లో ఎండుమిరపకాయల తొడిమలు బయటికి కనబడుతున్నాయి.

"సారు దిష్టి, ప్యాకింగు పోరీల దిష్టి, ఫోన్ల ఫోటో దీసినోళ్ళ దిష్టి, లిఫ్టోని దిష్టి, మెట్లెక్కినోళ్ళ దిష్టి, అంత పోవాలె" అని గొణుగుతోంది.

మూడోసారి తిప్పేటప్పుడు వేళ్ళ సందుల్లో నుంచి కల్లుప్పు రాళ్ళు నాలుగైదు జారి పాత్రలో పడ్డాయి. పడ్డచోట ఎరుపు మాడిపోయి ఊదా పొగ లేచింది. ఆ పొగ మెల్లగా అడుగుకు దిగి పక్కలకు పాకింది. మూడేళ్ళ విద్య, రెండుసార్ల కన్నీళ్ళు, నీళ్ళ మీద వేసిన అపనిందలు, అన్నీ ఆ పొగలో శ్రీలతకు ఒక్కసారిగా అర్థమైపోయాయి.

ఇట్టి ఘట్టంలో పూర్వకాలపు వీరులైతే సింహనాదం చేసి ఉండేవారు. శ్రీలత గడప దగ్గరి నుంచే ఇలా అంది.

"ఏం చేస్తున్నవక్కా."

"కనవడ్తలేదా. దిష్టి తీస్తున్న."

"మూతెందుకు తీసినవ్."

"మూత పెట్టి తీస్తె లోపలి దిష్టి ఎట్ల బయటికొస్తది బిడ్డా."

వాదన దిట్టంగా ఉంది.

"పోయిన వారం గూడ తీసినవా."

"తియ్యకుంటె ఎట్ల. రెండుసార్లు తీసిన. సారొచ్చి అబ్బ ఏం కలర్ అన్నడు. అప్పుడే అనుకున్న, ఇగ దీని పని అయిపోయిందని. తెల్లారి నీలమైంది సూడు. నేను తీసినా గట్లైందంటె ఎంత దిష్టి తాకిందో. గందుకే ఈసారి జర ఎక్కువ ఉప్పు తెచ్చిన."

చక్రవ్యూహమంటే ఏమిటో అప్పుడు బయటపడింది. రంగు బాగా వచ్చిన సీసాను జనం మెచ్చుకుంటారు. మెచ్చుకున్న సీసాకు సీతాబాయి దిష్టి తీస్తుంది. దిష్టి తీసిన సీసాలో ఉప్పు పడుతుంది. ఉప్పు పడ్డది నీలమవుతుంది. నీలమైతే దిష్టి బలమైనదని సీతాబాయికి రుజువవుతుంది, మరుసటిసారికి ఉప్పు పెరుగుతుంది. ఎవరూ మెచ్చని సీసా మాత్రం మూలన హాయిగా ఎర్రగా ఉంటుంది.

"అక్కా, ఉప్పు పడితెనే ఇది నీలమైతది. ఉండు, చూపిస్త" అని శ్రీలత ఆ మూలన ఉన్న సీసాలోంచి కాస్త ఎరుపు చిన్న గొట్టంలోకి వంచి, సీతాబాయి పిడికిట్లోని ఉప్పు రాయినే ఒకటి తీసి అందులో వేసింది. ఎరుపు చూస్తుండగానే నీలమైంది. విజ్ఞానశాస్త్రం ఇంతకంటే తిరుగులేని సాక్ష్యం చూపలేదు.

సీతాబాయి గొట్టాన్ని దీపం వైపు ఎత్తి చూసి, నిట్టూర్చింది. "చూసినవా. ఉప్పు తాకంగనే ఎంత దిష్టి బయటపడ్డదో."

శ్రీలత స్టూలు మీద కూర్చుంది. దివ్యాస్త్రం గురి తప్పలేదు, తగిలింది, అయినా ఎదుటివారికి బలమిచ్చి తిరిగొచ్చింది. ఆమె రెండో బాణం తీసింది.

"గీ మూలకున్నదాన్ని ఎవ్వరు మెచ్చుకోలే గద అక్కా. దీనికి ఎవరి దిష్టి."

"నీది" అంది సీతాబాయి.

శ్రీలత ఆ సీసా వైపు తిరిగి చూసింది.

"పొద్దుగాల బ్యాగు దించకముందే దాని దిక్కు చూస్తవ్. బువ్వ తినుకుంట చూస్తవ్. పొయ్యేటప్పుడు రెండుసార్లు తిరిగి చూస్తవ్. రంగు మంచిగ రాలేదని మూలకు పెట్టినవే గని పారబొయ్యలే. తల్లి దిష్టిని మించిన దిష్టి లేదు బిడ్డా. నాకు ఎరుక లేదా."

శ్రీలతకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. తన మూడేళ్ళ కష్టాన్ని మధుకర్ గుర్తించలేదు, ఇంట్లోవాళ్ళు గుర్తించలేదు. గుర్తించిన మనిషి పిడికెడు ఉప్పుతో ఎదురుగా నిలబడి ఉంది. ఆ మనిషి మీద కోపం తెచ్చుకోవడం ఆమె వల్ల కాలేదు. విల్లు కింద పెట్టి, సంధికి దిగింది.

"అక్కా, తల్లి దిష్టి అంటున్నవ్ గద. మరి పురిట్ల ఉన్న పసిగుడ్డుకు ఉప్పు తిప్పుతరా, చుక్క పెడ్తరా."

సీతాబాయి ఆలోచించింది. ఇది శాస్త్ర ప్రమాణంతో తేలే విషయం కాబట్టి తొందరపడలేదు.

"పసిగుడ్డుకైతె చుక్కనే. ఉప్పు కండ్లల్ల పోతదని తిప్పరు."

"ఇది గూడ పసిగుడ్డే. పుట్టి పొద్దు తిరగలే. ఉప్పు తాకితె తట్టుకోదు."

"తట్టుకోదా."

"తట్టుకోదక్కా. ఒక్క రాయికే పోతది."

సీతాబాయి పిడికిలి వైపు చూసుకుంది, నీలమవుతున్న పాత్ర వైపు చూసింది. పక్కనున్న స్టూలు మీద కూలబడింది. "మరి ముందుగాల చెప్పొద్దా బిడ్డా. మూడుసార్లు నా చేత్తోనే చంపుకున్ననా."

"నువ్వు కాదక్కా, ఉప్పు."

"ఉప్పు దానంతటది నడిచొచ్చిందా."

తరువాత సీతాబాయి తన చేతిసంచీలో వెతికి కాటుక డబ్బీ బయటికి తీసింది. సంధి షరతులు అక్కడికక్కడే కుదిరాయి. పాత్ర బయట, గాజు మీద, ఎడమ పక్కన ఒక చుక్క. మూత తియ్యకూడదు. ఉప్పు గడప లోపలికి రాకూడదు. మూడో షరతు దగ్గర సీతాబాయి తల ఊపింది గాని, నోటితో సరే అనలేదు.

గురువారం మళ్ళీ పసుపు, మళ్ళీ శూన్యం, మళ్ళీ నలుపు, మళ్ళీ ఎరుపు. ఈసారి ఎరుపు ముందటి వాటిని మించి వచ్చింది. మధుకర్ వచ్చి మళ్ళీ అబ్బ అన్నాడు. అన్న ప్రతిసారీ సీతాబాయి భుజాలు ఉలిక్కిపడ్డాయి. ప్యాకింగు అమ్మాయిలను శ్రీలత ఫోటోలు వద్దని బతిమాలింది. ఆరింటికి సీతాబాయి వేలికి కాటుక రాసుకుని, గాజు చెంప మీద చుక్క పెట్టింది. ఇద్దరూ కలిసి తలుపు తాళం వేశారు, కలిసి మెట్లు దిగారు. ఆ రాత్రి గురించి చెప్పడానికి ఏమీ లేదు. ఎవరూ రాలేదు, ఎవరూ చూడలేదు.

శుక్రవారం పొద్దున తాళం తీసి చూస్తే ఎర్రగా ఉంది.

అయినా యుద్ధం ముగియలేదు. గెలవవలసింది పదకొండు గంటలకు. ఆ వేళకు కొనుగోలుదారుల ప్రతినిధి, దశదిశా నాణ్యతా పరీక్షా ధురంధరుడు, ట్రాఫిక్ సాగర తరణ పరిశ్రాంతుడు అయిన వెంకటనారాయణ వచ్చి, మంచినీళ్ళు తాగి, కర్చీఫ్‌తో మెడ తుడుచుకుని, బల్ల ముందుకు నడిచాడు. ఒక పక్క మధుకర్, ఒక పక్క శ్రీలత, పాత్ర వెనక సీతాబాయి. వెంకటనారాయణ వంగి చూశాడు.

"ఈ నల్లచుక్క ఏంటండీ."

మధుకర్ దొంగకు తేలు కుట్టినట్టు పైకప్పు వైపు చూశాడు. కొలత గుర్తు అని చెప్పి తప్పించుకోవచ్చు. శ్రీలత నోరు అందుకు సిద్ధపడింది గాని చెవులు అప్పటికే కందిపోయాయి.

"దిష్టిచుక్క సార్" అంది.

వెంకటనారాయణ చుక్కను ఇంకొంచెం దగ్గర నుంచి పరీక్షించాడు. "మంచిదేనండీ. మా ఇంట్లో కొత్త ఇన్వర్టరుకి కూడా మా ఆవిడ పెట్టించింది" అని, "మూత తియ్యండి, శాంపిల్ తీసుకుందాం" అన్నాడు.

సీతాబాయి ఎడమచేత్తో మూత తీసింది. కుడిచెయ్యి కోటు జేబులో ఉంది. జేబు ఉబ్బెత్తుగా ఉంది. శ్రీలత అది చూసింది. మూడో షరతు కుదరలేదని ఆమెకు తెలిసిపోయింది.

చెంచాడు ఎరుపు కొలిచే యంత్రంలోకి వెళ్ళింది. యంత్రం ఒక్కో రంగు వెలుతురును దాని గుండా పంపి, ఏది మింగబడిందో గీత గీసింది. గీత ఆకుపచ్చ దగ్గర శిఖరంలా లేచి, నిటారుగా దిగింది. రేణువులు ఎడంగా ఉన్నాయి, ఎలక్ట్రాన్లు లయ తప్పలేదు. వెంకటనారాయణ ఆ శిఖరాన్ని చూసి, తెరిచి ఉన్న పాత్ర దగ్గరికి తిరిగొచ్చి, రెండు చేతులూ నడుం మీద పెట్టుకుని, నిండు మనసుతో అన్నాడు.

"నా సర్వీసులో ఇంత మంచి ఎరుపు చూడలేదండీ. ఎంత ముద్దుగా ఉందండీ. కళ్ళు తిప్పుకోబుద్ధి కావట్లేదు."

అంతటి దిష్టి ఆ గది చరిత్రలో ఎన్నడూ పడలేదు. సీతాబాయి కుడిచెయ్యి జేబులో నుంచి బయటికి వచ్చింది. పిడికిలి బిగిసి ఉంది. పాత్ర మూతి తెరిచి ఉంది, మధ్య దూరం మూరెడు. తాతల నుంచి తల్లికి, తల్లి నుంచి తనకు వచ్చిన విద్య ఒక పక్క నుంచి ఆ చేతిని ముందుకు లాగింది. పసిగుడ్డు తట్టుకోదన్న మాట ఇంకో పక్క నుంచి వెనక్కి లాగింది. చెయ్యి గాలిలో నిలిచింది. శ్రీలత అరవలేదు, అడ్డుపడలేదు, వెంకటనారాయణ ముందు ఒక్క మాట కూడా అనడానికి వీల్లేదు. ఆమె సీతాబాయి ముఖంలోకి చూసింది. చూడటం తప్ప ఆమె దగ్గర వేరే ఆయుధం మిగల్లేదు.

పిడికిలి తెరుచుకోలేదు. మెల్లగా వెనక్కి వెళ్ళింది. ఎడమచెయ్యి మూత తీసుకుని పాత్ర మీద పెట్టింది. గాజు గాజుకు తగిలి చిన్న చప్పుడైంది.

"ఇంత రంగు ఇంట్లో పెట్టుకుని బయట నుంచి తెప్పించడమెందుకండీ మధుకర్ గారూ. ఇక్కడే చేసుకోండి" అన్నాడు వెంకటనారాయణ.

"నేనూ అదే అనుకుంటున్నానండి మొదట్నుంచి" అన్నాడు మధుకర్.

వాళ్ళిద్దరూ కాఫీకి వెళ్ళాక, సీతాబాయి గది చివరి కుళాయి దగ్గరికి వెళ్ళి నిలబడింది. శ్రీలత వెనకాలే వెళ్ళింది. సీతాబాయి పిడికిలి విప్పి చూపించింది. ఉప్పు సగానికి పైగా చెమటకు కరిగిపోయింది. రాళ్ళు గుచ్చుకున్నచోట అరచెయ్యి ఎర్రబడి ఉంది.

"ఎట్ల ఆపినవక్కా."

"నీ మొకం జూసిన. గంతే."

"నమ్మినవా మరి, ఉప్పుతోనే అని."

"నమ్మలే" అంది సీతాబాయి. "గట్లని నిన్ను ఏడిపియ్యాల్నా."

శ్రీలత ఆ చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుని కుళాయి కింద పెట్టింది. మిగిలిన ఉప్పు నీళ్ళలో కలిసి పోయింది. ఇద్దరిలో ఎవరూ వెంటనే చెయ్యి తీసుకోలేదు.

కావున చతుస్సముద్ర ముద్రిత భూమండలంలోని సమస్త జనులకూ, విశేషించి కొండాపూర్ వాసులకూ, ఇందుమూలంగా చాటడమైనది ఏమనగా, శుక్రవారం సాయంత్రం ఆరు గంటల వేళకు ఆ పావు లీటరులో, పరీక్ష కోసం తీసిన చెంచాడు పోను, తక్కినదంతా ఎర్రగా ఉన్నది.